నా మాట రాసిన బస్సు

మా ఆఫీసులో పిల్లకు జ్వరం వస్తే అది నా సొంత గొడవ. భూమికి జ్వరం వస్తే మాత్రం కంపెనీ గొడవ. ఈ తేడా అర్థమయ్యాకే నేను కార్బన్ గురించి చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు ఆ మాట వినబడితే టీవీ చానల్ మార్చేసే రకాన్ని.

మా పాప రెండో తరగతి. దానికి ఆయాసం. చలికాలం మొదలయ్యిందంటే చాలు, రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు. దుమ్ముకీ పొగకీ దూరంగా ఉంచమంటాడు డాక్టరు. బాచుపల్లిలో ఏ సందు చూసినా ఏదో ఒక అపార్ట్‌మెంటు లేస్తూనే ఉంటుంది, రోడ్డు మీద సిమెంటు లారీలు తిరుగుతూనే ఉంటాయి. ఇంక దూరంగా ఎక్కడ ఉంచను, నా తల మీదనా? వాళ్ల నాన్న ఉద్యోగం చెన్నైలో, వీలున్నప్పుడు వచ్చిపోతుంటాడు. స్కూలు అయ్యాక పాప మా ఎదురింట్లో ఉంటుంది. ఎదురింటావిడది సిద్దిపేట వైపు. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నేను అనంతపురం మనిషిని. ఆమె నన్ను అక్కా అంటుంది, నేనూ ఆమెను అక్కా అంటాను. ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు.

నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని. ఆయాసం వచ్చినప్పుడు పిల్ల పక్కన అమ్మ ఉండాలి, అంతే. మేనేజరును అడిగాను. పాలసీ లేదన్నాడు. డాక్టరు చీటీ చూపించాను. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాల్సి వస్తుందన్నాడు. మళ్లీ అడిగితే, ఎంతో ఓపిక చూపిస్తున్నట్టు నవ్వాడు. ఆ నవ్వుకు ఒళ్లు మండి, ఇక అడగడం మానేశాను.

ఆ రోజుల్లోనే కంపెనీ ఉన్నట్టుండి పచ్చబడింది. కార్బన్ తగ్గించకపోతే విదేశీ క్లయింట్లు ఊరుకోరట. క్యాంటీన్‌లో కాగితం గ్లాసులు పోయి స్టీలు గ్లాసులు వచ్చాయి. గోడల మీద ఆకుల బొమ్మలు వెలిశాయి. ఏ టేబుల్ దగ్గర కూర్చున్నా అదే చర్చ.

మా టీమ్‌లో ఈ చర్చకు ఇద్దరు మొనగాళ్లు. ఒకతనిది కర్నూలు. నాకు తమ్ముడి వరస, అక్కా అనే పిలుస్తాడు. "వాళ్లు తరతరాలుగా బొగ్గు కాల్చి బాగుపడినారు కదక్కా. ఇప్పుడు మనం బైకు స్టార్ట్ చేస్తే లెక్కలు అడుగుతాండారు. ఇదేం న్యాయం?" అనేవాడు. రెండో ఆమె విజయవాడ అమ్మాయి, కాలేజీ నుంచి నేరుగా ఉద్యోగానికి వచ్చింది. "న్యాయం కాదండి, ఒప్పుకుంటాను. కానీ ఎండలు న్యాయం చూసుకుని కాయవు కదండీ. ఎవరో తగ్గించాకే మనం తగ్గిద్దామంటే ఎవరూ తగ్గించరు," అనేది. ఇద్దరూ అన్నం చల్లారేదాకా వాదించుకునేవారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించేది. అదే నా ఇబ్బంది. ఏదో ఒక పక్షం గట్టిగా పట్టుకున్నవాళ్లకు కనీసం కోపమైనా మిగులుతుంది.

ఒక రోజు విజయవాడ అమ్మాయి మాటల్లో మాటగా చెప్పింది, ఉద్యోగులు ఆఫీసుకు వచ్చిపోయే ప్రయాణాల పొగ కూడా కంపెనీ కార్బన్ ఖాతాలోకే వస్తుందని. నేను తింటున్న ముద్ద అట్లాగే ఆపేశాను. పిల్ల ఆయాసానికి తెరుచుకోని తలుపు దీనికి తెరుచుకోవచ్చు. ఇంటి నుంచి పని చేస్తే ప్రయాణం ఉండదు, పొగ ఉండదు, క్లయింటుకు సంతోషం. మధ్యలో నా పిల్ల పేరు ఎత్తే పనే లేదు.

కంపెనీ సర్వే పెట్టింది. ఎక్కడి నుంచి వస్తారు, ఎట్లా వస్తారు, బండిలో ఎంతమంది. టీ తాగే చోట అందరం కూడబలుక్కున్నాం. మా పని తెలిసినవాళ్లకు దీని తీరు తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో చిన్న లోపం ఉందని టికెట్, అంటే ఫిర్యాదు, రాస్తే దాన్ని ఎవరూ ముట్టుకోరు. అదే లోపాన్ని కొంప మునిగిపోతున్నట్టు రాసి, అన్నిటికన్నా అత్యవసరం అని పెడితే అప్పుడు పైవాళ్లు కదులుతారు. ఏళ్ల తరబడి చేసి చేసి అది మాకు చేతికి అలవాటైపోయింది. "ఎంత పొగ చూపిస్తే అంత తొందరగా ఇంటి నుంచి పని ఇస్తారక్కా," అన్నాడు కర్నూలు తమ్ముడు. బైకు మీద వచ్చే అతను పెట్రోలు కారు, ఒక్కణ్ణే అని పెట్టాడు. మెట్రోలో వచ్చేవాళ్లు కారు అన్నారు. కొండాపూర్ హాస్టల్ నుంచి నడిచి వచ్చే కుర్రాడు కూడా కారే అన్నాడు, వాడికి డ్రైవింగే రాదు. నిజంగా కారులో ఒంటరిగా వచ్చేది అందరిలో నేనొక్కదాన్నే. పాప కోసం ఎప్పుడు పరుగెత్తాల్సి వస్తుందోనని కారు చేతికింద ఉంచుకునేదాన్ని.

తర్వాత ఆడిటోరియంలో బహిరంగ చర్చ పెట్టారు. నేను మాట్లాడతానని పేరిచ్చాను. చీర కట్టుకుని వెళ్లాను. ఇళ్లకూ ఆఫీసులకూ మధ్య రోజూ ఇన్ని ఇంజన్లు ఎందుకు తిరగాలని అడిగాను. "ఇంటి గాలి, ఆఫీసు గాలి ఒకటే. దాన్ని పీల్చేది మన పిల్లలే," అన్నాను. ఆ మాట మాత్రం నటన కాదు. చప్పట్లు మోగాయి. కంపెనీ పెద్దాయన లేచి, సర్వే చూసి తనకు సిగ్గనిపించిందని, ఇకమీద ఏ ఒక్కరూ ఒంటరిగా కారులో రావలసిన అవసరం రానివ్వనని మాట ఇచ్చాడు. నేను చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాను. మా వరుసంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఆ తర్వాత వచ్చిన మెయిల్‌ను ముందు ఆనందంగా చదివి, మళ్లీ అర్థం కావడానికి చదివాను. పార్కింగ్ ఎత్తేశారు. ముగ్గురు కలిసి వచ్చే కార్లకే లోపలికి దారి. మిగతా అందరికీ కరెంటు బస్సులు. సీట్లు నిండితేనే కార్బన్ తగ్గినట్టు లెక్క కాబట్టి అందరూ అన్ని రోజులూ ఆఫీసుకు రావాలి. అప్పటిదాకా మేనేజర్లను బతిమాలుకుని ఎప్పుడో ఒక పూట ఇంట్లో ఉండిపోయేవాళ్లకు కూడా ఆ వీలు పోయింది. నేను మళ్లీ వెళ్లి అడిగితే మా మేనేజరు ఆశ్చర్యపోయాడు. "మీరే అంత బాగా మాట్లాడారు కదండీ. ఖాళీ సీటుతో బస్సు నడిస్తే ఎంత వృథా?" అన్నాడు. నేను నా సీటుకు తిరిగొచ్చాను.

బస్సులు వచ్చాయి. లేత ఆకుపచ్చ రంగు, మెత్తటి సీట్లు, చల్లటి ఏసీ. కిటికీ అద్దాల మీదుగా పెద్ద అక్షరాల్లో నా మాట రాశారు. ఇంటి గాలి, ఆఫీసు గాలి ఒకటే. పిల్లల మాట వదిలేశారు.

బస్సును తిట్టుకుందామన్నా నోరు రాదు. నిజంగానే మంచి బస్సు. వెనక పొగ లేదు, లోపల చప్పుడు లేదు. మా రోడ్ల మీద అట్లాంటివి ఇంకా రావాలనే నేనూ అంటాను. కార్బన్ వేరు, మా పాపకు ఆయాసం తెప్పించే పొగ వేరు అని చదువుకున్నాను. కానీ రెండూ వచ్చేది ఒకే గొట్టంలోంచి. ఇన్నేళ్లు నా కారు గొట్టమూ అట్లాంటిదే. అందుకే ఆ బస్సులో కూర్చున్నప్పుడల్లా ఉక్కపోసినట్టుండేది. దిగిపోవాలనీ అనిపించేది, దిగితే తప్పనీ అనిపించేది. పైగా దాని కిటికీలు తెరుచుకోవు. తలుపు డ్రైవరు మీట నొక్కితేనే తెరుచుకుంటుంది, అది కూడా స్టాపుల్లోనే. నడిమధ్యలో తీస్తే ఆఫీసులో తెలిసిపోతుంది. ఆడవాళ్ల భద్రత కోసమని పెట్టిన నియమం, దాన్నీ కాదనలేం.

పొద్దున పాప నిద్ర కళ్లతో ఉండగానే నేను బస్సెక్కాలి. ఒకసారి అది అడిగింది, "అమ్మా, నీ బస్సు మధ్యలో వెనక్కి తిరుగుతుందా?" అని. తిరగదని చెప్పాను. "కారు తిరిగేది కదా," అని పాలు తాగింది. నేను టిఫిన్ డబ్బా సర్దుకున్నాను.

ఒక సాయంత్రాన్ని మాత్రం నేను మరిచిపోలేను. బస్సు కొత్తగూడ దాటి, కొండాపూర్ దాటి, హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి ఆగిపోయింది. ముందంతా ఎర్ర లైట్లు. నా వెనక సీట్లో తమ్ముడూ విజయవాడ అమ్మాయీ మామూలుగానే మొదలుపెట్టారు, పేద దేశాలు ముందు తగ్గించాలా, డబ్బున్న దేశాలా అని. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. అప్పుడు ఎదురింటావిడ ఫోన్ చేసింది.

"అక్కా, ఫికర్ చెయ్యకు గని, పాపకు దమ్ము ఎక్కువైంది. ఆ ఇన్‌హేలర్ పంపు కొట్టిన, తగ్గుతలేదు. దవాఖానకు తీస్కపోతున్న. నువ్వు యాడిదాంక వచ్చినవ్?"

ఫోన్‌లో ఆమె గొంతు వెనక పాప ఊపిరి వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. "వస్తాండాక్కా, దగ్గరికి వచ్చేసినా," అని అబద్ధం చెప్పి లేచాను.

డ్రైవరు మహబూబ్‌నగర్ మనిషి, మర్యాదస్తుడు. తలుపు తీయమన్నాను. ఫ్లైఓవర్ దిగి కిందకు నడిస్తే బైక్ టాక్సీలు దొరుకుతాయి, అవి సందుల్లో దూరిపోతాయని చెప్పాను. పిల్ల సంగతి కూడా చెప్పాను.

"మేడం, తీస్తే నా నౌకరీ పోతది. అది కాదు, ఈ బండ్ల నడుమ మీకేమన్న అయితే ఎవరు జిమ్మేదార్? ముందట మియాపూర్ స్టాపే. జర ఓపిక పట్టుండ్రి," అన్నాడు. నా వైపు చూడలేక అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"తియ్యన్నా, ఆయమ్మ బిడ్డకు బాగలేదంట," అన్నాడు తమ్ముడు వెనక నుంచి. డ్రైవరు తల అడ్డంగా ఊపాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, అతనికీ పిల్లలుంటారు కదా అనుకున్నాను. పిల్లలున్నారు కాబట్టే తీయట్లేదని మరుక్షణమే తట్టింది. చర్చ ఆగిపోయింది. బస్సంతా నన్నే చూస్తోంది. విజయవాడ అమ్మాయి నా పక్కకు వచ్చి, "మియాపూర్ స్టాప్‌లో బైక్ బుక్ చేశానండి. మనం వెళ్లేసరికి ఉంటాడు," అంది. నా భుజం మీద వేసిన ఆ అమ్మాయి చెయ్యి చల్లగా ఉంది.

నేను తలుపు పక్క అద్దానికి చెయ్యి ఆనించి నిలబడ్డాను. దాని మీద నా మాటే, లోపలి నుంచి తిరగబడి కనిపిస్తోంది. బయట బైకుల వాళ్లు బస్సు పక్కనుంచి ఒకరి వెనక ఒకరు దూరిపోతున్నారు. ఆ అద్దం పగలగొట్టేయాలనిపించింది. చేతిలో ఉన్నది టిఫిన్ డబ్బా. బస్సు కొంచెం కదిలి, మళ్లీ ఆగింది. కదిలినప్పుడల్లా దేవుడికి దండం పెట్టుకున్నాను, ఆగినప్పుడల్లా నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆడిటోరియంలో చీర కట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని అందరికన్నా ఎక్కువ తిట్టుకున్నాను.

మియాపూర్‌లో తలుపు తెరుచుకుంది. బైకు అక్కడే ఉంది. బాచుపల్లి దాకా దుమ్మూ పొగా మింగుతూ వెళ్లాను. పాపను ఎప్పుడూ చూపించే నర్సింగ్ హోమ్ మా వీధి చివరే. మెట్లెక్కి లోపలికి పరుగెత్తాను.

పాప మంచం మీద కూర్చుని ఉంది. మూతికి మాస్కు, అందులోంచి తెల్లటి ఆవిరి. ఎదురింటావిడ వెనక కూర్చుని దాన్ని ఒళ్లోకి ఆనించుకుంది. మెడలో కొలతల టేపు అట్లాగే ఉంది. పాప పెదవులకు రంగు తిరిగొచ్చింది. గండం గడిచిందని చూడగానే తెలిసింది. పాప నన్ను చూసి కళ్లతోనే నవ్వింది. కానీ ఎదురింటావిడ వేలిని పట్టుకున్న పిడికిలి వదల్లేదు.

"ఏం కాలేదక్కా, నేనున్న గద," అంది ఎదురింటావిడ.

నర్సు సూది పట్టుకుని వచ్చింది. "అమ్మా, పాప చెయ్యి కదలకుండా గట్టిగా పట్టుకోండి," అంది.

నేను బ్యాగు కింద పడేసి ముందుకు వంగాను.

"మీరు కాదండీ, వాళ్లమ్మను పట్టుకోమంటున్నాను. మీరు కాస్త జరగండి, నాకు వెలుతురు అడ్డమొస్తున్నారు."

ఎదురింటావిడ నోరు తెరిచింది, నేను వద్దని తల ఊపాను. పాప ఆమె వేలిని ఇంకా గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. నేను పక్కకు జరిగాను.