తాళంచెవి మావయ్య జేబులో

మొన్న సాయంత్రం టీవీలో ఎవరో పెద్దమనిషి, ఇకముందు అంతరిక్షంలో తిరిగే ఆయుధాలు మనిషి చెప్పకుండానే తమంతట తామే గురిచూసి పేలవచ్చనీ, పాత ఒప్పందం అణుబాంబుల దగ్గరే ఆగిపోయిందనీ, వీటిని ఆపే చట్టం దేశాల మధ్య ఇంకా కుదరలేదనీ చెబుతుంటే, నా మనసు మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు కాలనీలో మా క్వార్టరు అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది.

అరవై ఏడో సంవత్సరం. నాన్న సబ్‌స్టేషన్లో ఆపరేటరు. అమ్మ తమ్ముడు, మా మావయ్య, స్తంభాలెక్కే లైన్‌మేన్. సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరం ఆరుబయట నిలబడి, కొండల మీదుగా మెల్లగా నడిచిపోయే చుక్క కోసం చూసేవాళ్ళం. అది మనిషి చేసిన చుక్క అని నాన్న చెబితే ఒళ్ళు జలదరించేది. ఆకాశంలో అణుబాంబులు తిప్పకూడదనీ, చందమామ ఏ దేశం సొత్తూ కాదనీ పెద్ద దేశాలు సంతకాలు పెట్టాయని ఆ ఏడే రేడియోలో విన్నాం. నాన్న ఆనందం ఇంతా అంతా కాదు. "సూసేవా అమ్మీ, ఆకాశానికీ తాళం ఏసేరు!" అన్నారు.

తాళమంటే మా ఇంట్లో మాటలా? మావయ్య స్తంభమెక్కే ముందు నాన్న కరెంటు ఆపి, స్విచ్చుకి తాళం వేసి, తాళంచెవి మావయ్య చేతికే ఇచ్చేవారు. మావయ్య దిగివచ్చి తన చేత్తో తిరిగిస్తేనే మళ్ళీ కరెంటు. ఆ రోజుల్లోనే, పోయిన కరెంటుని తనంతట తానే మళ్ళీ వేసే కొత్త యంత్రం వస్తే కాలనీ అంతా తీర్థానికి వెళ్ళినట్టు వెళ్ళి చూశాం. నాన్న కూడా నోరు తెరుచుకునే చూశారు, కాని మావయ్య స్తంభమెక్కే రోజున దానికీ తాళం వేసేవారు.

ఒక వానాకాలం సాయంత్రం, కొండ మీది లైనుకి వెళ్ళిన మావయ్య ఎంతకీ రాలేదు. కాలనీలో దీపాల్లేవు. ఈపాటికి దిగే ఉంటాడు, తాళం పగలగొట్టయినా కరెంటు వెయ్యమని పై అధికారుల నుంచి ఫోను మీద ఫోను. అమ్మ నా చెయ్యి పట్టుకుని సబ్‌స్టేషన్ గుమ్మంలో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న గొంతు వణకగా వినడం నాకదే మొదలు.

"దిగే ఉంటాడంటే కుదరదండి. ఆడు దిగేడా? తాళంసెవి ఆడి జేబులో ఉందండి."

కాసేపటికి తడిసి ముద్దయి వచ్చాడు మావయ్య. తీగని మోసే పింగాణీ బుడ్డి పగిలితే అది మారుస్తూ అప్పటిదాకా స్తంభం మీదే ఉన్నాడట. "ఏటిరా, నీకు ఇల్లు గుర్తుండదేటి!" అని అమ్మ ఏడుస్తూనే తిట్టింది. మావయ్య తన చేత్తో ఇచ్చిన తాళంచెవితో నాన్న తాళం తీశారు. తర్వాత ఆయన స్విచ్చు వేస్తే కొండ వాలంతా దీపాలు ఒక్కసారి వెలిగాయి. అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మేడ మీద నిలబడితే నడిచే చుక్కలు ఎన్నో. అబద్ధమెందుకు, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కాని వాటి తాళంచెవి ఎవరి జేబులో ఉందో నాకు తెలియదు. యంత్రాలకి చూడడం నేర్పారు, గురిపెట్టడం నేర్పారు. "ఆడు దిగేడా?" అని అడిగిన నాన్న గొంతులోని ఆ వణుకు వాటికి ఎవరు నేర్పుతారు?