పాటలో దగ్గుకు వదిలిన చోటు

మొన్న పర్చూరు దగ్గర మిరప కల్లంలో ఎవరి సెల్లులోనో మా మేనకోడలి పాట వినిపించింది. ఎవడో ప్రతి పాదం చివరా ఆమె వదిలిన ఖాళీని డ్రమ్ములతో పూడ్చేశాడు. ఒళ్ళు మండిపోయింది. అడగకుండా ఒకరి పాటలో చెయ్యి పెట్టడానికి వీళ్ళెవరు? అయితే తిట్టే హక్కు నాకూ అంతగా లేదు. ఆ ఖాళీ పూడ్చాలని మొదట పట్టుబట్టింది నేనే.

తొంభైల చివర్లో, గుంటూరు కాలేజీలో చదువుతూ ఆ పిల్ల పాత గిటారొకటి కొనుక్కొచ్చింది. సెలవుల్లో కల్లంలో ఆడవాళ్ళతో కూర్చుని తాలుకాయలు ఏరేది. వాళ్ళు టీ తాగే వేళ తను కట్టిన పాటలు పాడేది. ఐదో తరగతితో బడి మానేసి, గ్రంథాలయంలో పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ణి కదా, పాటంటే నాకు ఛందస్సే. "పాదం చివర ఆ గుంటేమిటే? మాట దొరక్క వదిలేశావా?" అన్నాను. "ఉండనీ మావయ్యా, దాని పని దానికుంది," అని నవ్వింది. నేను ఊరుకుంటానా! గుంటలన్నిటికీ మాటలు రాసిచ్చాను. ఆ కాగితాన్ని మడిచి గిటారు సంచిలో పెట్టుకుందే గానీ పాడలేదు.

ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఒక క్యాసెట్ల కంపెనీ పిలిచింది. వాళ్ళు కాదంటే గిటారు అటకెక్కించి బీఎడ్‌లో చేరాలని వాళ్ళ నాన్న, అదే మా బావమరిది, షరతు. తోడుగా నేను వెళ్ళాను. పాట విన్న కంపెనీ ఆయన, "బావుందమ్మా. ఆ గ్యాపుల్లో డ్రమ్స్ వేద్దాం, రేపే రికార్డింగ్," అన్నాడు.

"నేనూ అదేగా మొత్తుకుంది!" అన్నాను గెలిచినట్టు.

ఆమె నా వైపు చూడలేదు. "అక్కడ మా ఆడవాళ్ళు దగ్గుతారండీ. కాయ కదిపితే ఘాటు లేస్తుంది. మొహం పక్కకి తిప్పి, దగ్గి, మళ్ళీ ఏరతారు. డ్రమ్స్ వేస్తే వాళ్ళెక్కడ దగ్గాలి?"

ఆయన నవ్వాడు. ఆమె గిటారు సంచిలో పెట్టేసింది. తిరుగు బస్సులో పిడుగురాళ్ల దాకా అదే ఆలోచించాను. పుట్టినప్పటి నుంచీ కల్లాల్లో తిరిగినవాణ్ణి, ఆ దగ్గు ఒక్కనాడూ నా చెవిన పడలేదు.

బీఎడ్‌లో చేరింది గానీ గిటారు అటకెక్కలేదు. కాలేజీ వేడుకల్లో పాడింది. నాలుగేళ్ళకు నలుగురు కుర్రాళ్ళతో కలిసి ఆ పాటను ఖాళీలతో సహా రికార్డు చేస్తే ఎఫ్ఎం వాళ్ళు రోజూ వేశారు. గుంటూరులో ఆమె కచేరీకి వెళ్ళి వెనక నిలబడ్డాను. గిటారు ఆగినచోటల్లా అంత జనమూ ఊపిరి బిగబట్టారు.

మొన్న కల్లంలో ఆ సెల్లు డ్రమ్ములు దంచుతూనే ఉంది. కాయలేరుతున్న ఆడవాళ్ళు మొహాలు పక్కకి తిప్పి దగ్గుతూనే ఉన్నారు. పాట కల్లం దాటి ఇరవై ఏళ్ళయింది. దగ్గు ఇంకా అక్కడే ఉంది.