పాలకొల్లు లేసూ కైరో నాట్యమూ

మొన్న మాఘమాసంలో భీమవరంలో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికి ముందురోజు సాయంత్రం సంగీత్ అని ఒకటి పెట్టారు. మన రోజుల్లో లేని సంబరం కదా, ఒక్క ముక్క కూడా వదులుకోకూడదని ముందు వరసలో కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాను. పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు నలుగురు నడుములకి గలగలలాడే బిళ్ళల గుడ్డలు కట్టుకుని స్టేజీ ఎక్కి బెల్లీ డాన్సు మొదలుపెట్టగానే, మా వరసలోని పెద్దావిడలంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం కుర్చీ అంచుకి జరిగి ఆ పిల్లల మోకాళ్ళు చూస్తున్నాను, ఎందుకంటే ఆ నాట్యంలో నడుము కదిలేది మోకాళ్ళ వల్లే. పిల్లలు మోకాళ్ళు భలే వాడుతున్నారని పక్కనున్న వియ్యపురాలితో అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. అరవై దాటి, మోకాలికి పట్టీ కట్టుకుని, చేతిలో కాజా పట్టుకుని కూర్చున్న ఈ మనిషి ఒకప్పుడు పాలకొల్లు నడిబొడ్డున బెల్లీ డాన్సు నేర్చుకుందనీ, పైగా పదిమందికి నేర్పిందనీ ఆ గోలలో ఆవిడకి ఏం చెప్పను? మీకైతే తీరిగ్గా చెప్పొచ్చు.

మా అత్తవారిది పాలకొల్లు. మావారు భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసేవారు, పొద్దున్నే మోటారుసైకిలు మీద వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు కాబట్టి పగలంతా ఆ ఇల్లు ఆడవాళ్ళదే, అంటే మా అత్తగారిదే. ఆవిడ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ చేత లేసు అల్లించి, నరసాపురం నుంచి విదేశాలకు పంపే ఒక వ్యాపారికి ఇచ్చేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అల్లికవాళ్ళు పాత చీరముక్కల్లో మూటలు కట్టుకుని వచ్చి మా హాల్లో కూర్చునేవారు. అత్తగారు కళ్ళజోడు లేకుండానే, వేళ్ళతో అంచు తడుముతూ పోయి, ఎక్కడ ఒక్క ముడి జారినా అక్కడ ఠక్కున ఆగిపోయేవారు. తిట్టడం, కసరడం ఏమీ ఉండేది కాదు. ఆ తప్పు దాకా దారం లాగి విప్పేసి, మళ్ళీ అల్లమని చేతికిచ్చేవారు. ఆవిడ ముందు మూట విప్పాలంటే ఇరవయ్యేళ్ళుగా అల్లుతున్నవాళ్ళు కూడా నువ్వు ముందంటే నువ్వు ముందనుకునేవారు. ఇక నా సంగతి అడక్కండి, నేను అల్లినది ఒక్కటి కూడా ఆవిడ విప్పకుండా వదిలిన పాపాన పోలేదు.

తొంభైల చివర్లో అనుకుంటాను, నరసాపురం నుంచి ఒక వింత ఆర్డరు వచ్చింది. చిక్కటి వంకాయరంగు నూలు దారంతో నలభై ముక్కోణపు గుడ్డలు అల్లాలట, కింది అంచున జానెడేసి కుచ్చులు, ప్రతి కుచ్చుకీ కట్టడానికి ఒక సంచీడు ఇత్తడి బిళ్ళలు. అవి దేనికో మాత్రం కాగితంలో రాయలేదు. సోఫా వీపులకని ఒకరు, చర్చిలో బల్లమీదకని ఒకరు, గుర్రాలకి కడతారేమోనని ఇంకొకరు. అత్తగారు అందరి మాటా విని, ఇది టీవీ మీద వేసుకునేదే అని తీర్పు చెప్పి, మొదట తయారైనదాన్ని మా టీవీ మీద కప్పి, కుచ్చులు తెరకి అడ్డం రాకుండా రెండువైపులా సర్దారు. అయినా సర్దినవి సర్దినట్టు ఉంటాయా, వారంరోజులపాటు వార్తలు ఆ బిళ్ళల సందుల్లోంచే చూశాం. టీవీకి మొలతాడు కట్టినట్టుందని అల్లికవాళ్ళలో ఒకావిడ అంది గానీ, అత్తగారికి వినపడకుండా అంది.

ఆ గుడ్డలు చేయించుకుంటున్నావిడ ఒకరోజు మధ్యాహ్నం స్వయంగా సరుకు చూసుకోవడానికి వచ్చారు. కాకినాడ మనిషే. భర్త ఉద్యోగం వల్ల కైరోలో పన్నెండేళ్ళు కాపురం చేసి, తిరిగొచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డారు. నూలు చీర, నెరిసిన జడ, చూడగానే స్కూలు టీచరనుకున్నాం, తర్వాత కూడా టీచరుగారనే పిలిచాం. కాఫీ తాగుతూ టీవీ వైపు చూసిన మనిషి గ్లాసు కింద పెట్టి, లేచి, మమ్మల్ని అడక్కుండానే ఆ గుడ్డ తీసి చీర మీదే నడుముకి చుట్టి పక్కన ముడేసుకున్నారు. బిళ్ళలు ఒక్కసారి ఘల్లుమన్నాయి. మా అత్తగారి మొహం చూడాలి మీరు. వీధి తలుపు ఒకసారి వేయమ్మా అని నాతో అని, టీచరుగారు హాలు మధ్యలో నిలబడ్డారు.

భుజాలు కదల్లేదు, తల కదల్లేదు, కుచ్చిళ్ళు కూడా చెదరలేదు. నడుము ఒక్కటే, కాలవలో కట్టేసిన పడవలాగ, మెల్లగా ఒక పక్కకి ఒరిగి, సర్దుకుని, రెండో పక్కకి ఒరిగింది. తర్వాత ఏం చేశారో తెలియదు గానీ మనిషి నిలబడ్డచోటే నిలబడి ఉండగా బిళ్ళలన్నీ ఒకేసారి గలగలా మోగడం మొదలుపెట్టాయి. రెండే నిమిషాలు. ఆపి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, సినిమాల్లో క్లబ్బుల్లో చూపించే దుస్తులూ వేషాలూ తర్వాత వచ్చి చేరినవనీ, అక్కడి ఇళ్ళలో పెళ్ళిళ్ళప్పుడు తల్లులూ అత్తలూ మేనత్తలూ ఒక గదిలో చేరి ఒకరికోసం ఒకరు ఆడుకునే ఆట ఇదనీ, దాన్ని బలదీ అంటారనీ, అంటే మన ఊరిది, మన మట్టిది అన్నట్టనీ చెప్పారు. పక్కింటి ముసలావిడ వంటింట్లో నేర్పితే ఆవిడ నేర్చుకున్నారట. నాకు అప్పటికి ముప్ఫై మూడేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లిని, కానీ ఆ రెండు నిమిషాలు చూశాక ఇది నేర్చుకోకపోతే నేను బతికి దండగ అనిపించింది. ఒళ్ళంతా అదొక రకం వేడి, చెవుల్లో ఆ బిళ్ళలే.

టీచరుగారు విశాఖలో ఏడాదికి రెండుసార్లు వర్క్‌షాపులు పెట్టేవారు. గుడ్డలు ఎలా అమరుతున్నాయో చూసి సరిచేయడానికి ఒక మనిషిని పంపమని అడిగితే అత్తగారు నన్నే పంపారు. బస్సులో తాడేపల్లిగూడెం, అక్కడినుంచి రైలు, విశాఖలో అత్తగారి తమ్ముడింట్లో బస. మొదటిపూట సూదీ దారం పట్టుకుని మూల కూర్చున్నాను. నా కాళ్ళు నిలవడం లేదని గమనించారేమో, టీచరుగారు సూది పక్కన పెట్టి రమ్మన్నారు. నాట్యం అంటే ఎగరడం అనుకుంటే ఆ రోజంతా నిలబడటమే నేర్పారు. పాదాలు నేలకి అతికించినట్టుండాలి, మోకాళ్ళు సడలాలి, అక్కడినుంచే కదలిక పుట్టాలి. సాయంత్రానికి తొడలు నావి కావు. మర్నాడు క్యాసెట్టులో డప్పు పెట్టారు. డప్పు దుమ్మని మోగితే నడుము బరువు కిందకి, తక్కని మోగితే పైకి. మూడోరోజు ఆ దేశపు పల్లెల్లో మగవాళ్ళు చేసే కర్రసాముని వెక్కిరిస్తూ ఆడవాళ్ళు చేసే కర్ర నాట్యం. ఎవరో కాలేజీ అమ్మాయి మధ్యలో ఒక సినిమా విసురు కలిపితే టీచరుగారు క్యాసెట్టు ఆపేశారు.

"చాలా బాగుందమ్మా. కానీ అది దీనిది కాదు."

అంతే అన్నారు, మళ్ళీ మొదటినుంచి పెట్టారు. ఆ మాటకి ఆ అమ్మాయి కన్నా నేనే ఎక్కువ సిగ్గుపడ్డాను, మనసులో నేనూ అదే విసురు కలుపుకుని సిద్ధంగా ఉన్నాను మరి.

తిరిగొచ్చాక అత్తగారికి లేసు కబుర్లన్నీ చెప్పి నాట్యం కబురు మింగేశాను. ఎవరో వేరే ఊరినుంచి వచ్చి రెండు నిమిషాలు చూపించి వెళ్ళడం వేరు, ఇంటి కోడలు నేర్చుకోవడం వేరు. అత్తగారు కునుకు తీసే వేళ మేడమీద గదిలో, టీచరుగారు నాకిచ్చిన గుడ్డ కట్టుకుని, బిళ్ళలు మోగకుండా పైన తువ్వాలు చుట్టుకుని సాధన చేసేదాన్ని. ఇంతలో టీచరుగారి ఉత్తరం వచ్చింది. ఈసారి వర్క్‌షాపు ఏడురోజులు, చివరిరోజు ఒక్కొక్కరినీ చూసి, నేర్పడానికి ఎవరు తగుదురో చెబుతారట, నన్ను తప్పక రమ్మన్నారు. నేర్పడమా! నాకు అన్నం సయించలేదు. గుడ్డలన్నీ పంపేశాం, ఇక ఏం సాకు చెప్పి వెళ్ళను? రోజుకో అబద్ధం అల్లుకోవడం, అది చాలదని విప్పేసుకోవడం. ఆ కంగారులో ఒక మధ్యాహ్నం తువ్వాలు జారిపోయిన సంగతి చూసుకోలేదు. బిళ్ళల మోతకి నేనే ఉలిక్కిపడి తిరిగేసరికి గుమ్మంలో అత్తగారు.

కాసేపు చూసి కిందకి వెళ్ళిపోయారు. రెండురోజులు నాతో మాట లేదు. వర్క్‌షాపు మాట దేవుడెరుగు, ఈ ఇంట్లో ఇక తలెత్తుకుని తిరగగలనా అని నేను మథనపడుతుంటే, మూడోనాడు అల్లికవాళ్ళు వెళ్ళిపోయాక హాల్లోకి పిలిచి, తలుపేసి ఆ గుడ్డ కట్టుకుని చెయ్యమన్నారు. చేశాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆఖరుదాకా చూశారు.

"కుడేపు బానే వస్తంది గానీ ఎడంవేపు సగంలో తెగ్గొట్టేత్తన్నావే అమ్మాయ్. ఆవిడికి అలా రాలేదు. మడమ లేపేత్తన్నావు, అందుకూ."

టీచరుగారి ఆట అత్తగారు చూసింది రెండు నిమిషాలు! ఆ రెండు నిమిషాలూ ఆవిడ కళ్ళు ముడి ముడీ లెక్కపెట్టుకున్నాయని నాకు అప్పుడు తెలిసింది. సంతోషమో ఏడుపో తెలియని ఆ ఊపులోనే ఉత్తరం సంగతి చెప్పేశాను. ఆవిడ ఆలోచించడానికి ఎంతోసేపు తీసుకోలేదు.

"ఎల్లు. ఎల్తే పూర్తిగా నేర్చుకుని రా. సగం సగం నేర్చుకొచ్చి నా హాల్లో గెంతితే మాత్రం ఊరుకోను."

ఆ ఏడురోజులూ నేను నేలమీద లేను. అయితే నా జబ్బు ఒకటి బయటపడింది. లేసింట్లో బతికినదాన్ని, అన్నీ లెక్కే నాకు, నాలుగు కుడి, నాలుగు ఎడమ, పెదాలు కదులుతూ ఉండేవి. డప్పు ఎటుపోతే నేను అటు పోవాలిగానీ నా లెక్క వెంట డప్పు రాదని టీచరుగారు ఆరురోజులు చెప్పారు, ఆరురోజులూ నాకు రాలేదు. చివరిరోజు కుర్చీలు తీసేసి, కైరో పెళ్ళింటిలోలా అందరినీ నేలమీద గుండ్రంగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమన్నారు, మధ్యలోకి ఒక్కొక్కరం వెళ్ళాలి. నా వంతు వచ్చేసరికి చూద్దును కదా, తమ్ముడింటికి అప్పుడే దిగిన మా అత్తగారు వెతుక్కుంటూ వచ్చి ఆ ఆడవాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. అందరితోపాటు చప్పట్లు కొడుతున్నారు, అదీ తప్పు తాళంలో! నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో లెక్క ఎక్కడ పోయిందో పోయింది. తర్వాత ఏం చేశానో నాకు గుర్తులేదు, డప్పు ఆగాక ఊపిరందక నిలబడి ఉండటం గుర్తు, టీచరుగారు లేచి వచ్చి నా చేతులు పట్టుకోవడం గుర్తు. నేర్పవచ్చన్నారు. నేర్పే ముందు ఇది ఎక్కడిదో చెప్పాలి, మన సినిమా అడుగులు కలపకూడదు, అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఆడవాళ్ళు ఒకరికోసం ఒకరు ఆడుకునేదన్న సంగతి పోనివ్వకూడదు అన్నారు. పోనివ్వనని మాటిచ్చాను.

ఆపైన ఏడెనిమిదేళ్ళు మా హాలు చూడాలి మీరు! మధ్యాహ్నం మూడింటికి తలుపులు బిగించి, కర్టెన్లు లాగి, అల్లికవాళ్ళు, బడిపంతులమ్మ, బ్యాంకు మేనేజరుగారి భార్య, ఎదురింటి అత్తాకోడళ్ళు, చీరల మీద తలా ఒక వంకాయరంగు గుడ్డ. అత్తగారు తలుపుకి వీపు ఆనించి కూర్చుని లేసు అల్లుకుంటూ, తప్పు చేసినవాళ్ళని ఒక్క చూపు చూసేవారు. జన్మలో నోరు విప్పని మనుషులు కర్ర తిప్పుతూ మొగుళ్ళని వెక్కిరించేవారు, పడీ పడీ నవ్వేవారు. ఒకసారి తీర్థంలో స్టేజీ మీద సినిమా పాటకి ఈ నాట్యం ఆడించమని ఎవరో అడిగించారు. లైట్లు, జనం, నాకు ఆశ లేకపోలేదు, ఒకరోజంతా ఊగిసలాడాను. చివరికి మాటిచ్చానని గుర్తు చేసుకుని వద్దన్నాను.

అత్తగారు పోయారు. టీచరుగారూ పోయారు. మధ్యాహ్నం వచ్చేవాళ్ళని సీరియళ్ళు ఒకరి తర్వాత ఒకరుగా లాక్కున్నాయి, నా మోకాళ్ళు మిగిలిన పని చేశాయి. మొన్న సంగీత్ అయ్యాక నేనూ ఒకప్పుడు ఇది నేర్చుకున్నానని నోరు జారితే వియ్యపురాలు ఊరుకోక ఆ పిల్లల్ని నా దగ్గరకి తీసుకొచ్చింది. ఒకమ్మాయి ఫోనులో కైరోలో ఉన్న ఒకావిడ దగ్గరే పాఠాలు నేర్చుకుంటోందట, దుమ్మూ తక్కూ, బలదీ, ఏ అడుగు ఏ ఊరిదో నాకన్నా బాగా చెప్పింది. పోనీలే, అడుగులకి ఇక భయం లేదని నిజంగానే పొంగిపోయాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, ఒక్కసారి చేసి చూపించండి బామ్మగారూ అంది. లేవబోయాను కూడా. అప్పటికే చుట్టూ పది ఫోన్లు లేచాయి.

మోకాళ్ళ నొప్పి అని చెప్పి కూర్చుండిపోయాను. అబద్ధమే, నాలుగడుగులకి ఏమీ కాదు. మేం పదిమందిమీ అన్నేళ్ళు ఆడిన దానికి ఒక్క ఫొటో కూడా లేదు, ఎవరూ చూడరన్న ధీమాతోనే మేం అంతంత నవ్వి అంత బాగా ఆడామేమో. ఆ పిల్లకి అడుగులన్నీ వచ్చు. ఒక్కసారి ఆ ఫోన్లు అవతల పెట్టించి, నీకోసం నేనూ నాకోసం నువ్వూ ఆడుకుందాం రావే తల్లీ అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను.