గడప దగ్గర తగిలిన ఫాల్టు

తప్పు నా కోడ్‌దేనని మా టీమ్ లీడర్ గారు, కాదని నేను. కెర్నెల్ అంటే కంప్యూటర్లో అడుగున ఉండి ప్రోగ్రాములకు కావలసినవి చూసిపెట్టే భాగం. పని కాగానే అది పగ్గాలు తిరిగి ప్రోగ్రాముకి అప్పగిస్తుంది. పాత కోడ్ ప్రతిదీ ముందే సరిచూసుకుని అప్పగించేది, నత్తనడక. నేను కడియంలో ఇంటి నుంచి పనిచేస్తూ ఏడాదిపాటు కూర్చుని వేగంగా అప్పగించే కోడ్ రాశాను. అది పెట్టాక మిషను క్రాషై పడిపోవడం మొదలైంది. శుక్రవారంలోగా తేలకపోతే నాది పీకేసి పాతదే పెడతానన్నారాయన. ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం పొద్దున్నే విసుగొచ్చి, రాజమండ్రి వెళ్లొస్తానని లేచాను. కుక్కలు ఎత్తుకుపోతాయని మా ఇంట్లో చెప్పులు గడప లోపలే పెడతాం. విసురుగా వేసుకుని బయటికి అడుగేయబోతే గడప తగిలి బొటనవేలు అదిరిపోయింది.

"ఆగమ్మాయ్! కాలికి తగిలితే అలా వెళ్లిపోకూడదు. కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లు" అన్నారు అత్తగారు.

నాకు శకునాల మీద నమ్మకం లేదు గానీ, వేలి నొప్పి మీద ఉంది. కుంటుకుంటూ కుర్చీ వైపు నడిచాను.

"చెప్పులతో వచ్చేస్తున్నావేంటి? ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను!"

"నేనసలు గడప దాటితే కదండీ!"

"దాటకపోతే ఏంటి? చెప్పులేసుకున్నావు కదా. విప్పి రా."

చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాను. కెర్నెల్ డేటా ఎక్కడుందో చూపించే రిజిస్టర్ అని ప్రాసెసర్లో చిన్న అర ఒకటి ఉంటుంది. ప్రోగ్రాముకి వెళ్లే చివరి అడుగుకి ముందే కెర్నెల్ అందులో ప్రోగ్రాము విలువ పెట్టేస్తుంది. ఆ చివరి అడుగులోనే ప్రాసెసర్‌కి ఫాల్టు, అంటే ముందుకు సాగనివ్వని తప్పు, తగిలితే? మనిషి ఇంకా లోపలే, కాళ్లకు మాత్రం చెప్పులు! ఫాల్టుని చూసుకునే కోడ్ "లోపలి నుంచే కదా వచ్చింది" అనుకుని, ఆ రిజిస్టర్ని నమ్మి ఎక్కడో చెయ్యి పెడుతోంది. మిషను పడక ఏం చేస్తుంది?

రాజమండ్రి ప్రయాణం మానుకున్నాను. ఫాల్టు ఆ చివరి అడుగు దగ్గరే తగిలితే, ముందు చెప్పులు విప్పినట్టు రిజిస్టర్లో మళ్లీ కెర్నెల్ విలువ పెట్టి, ఆ తర్వాత తప్పుని ప్రోగ్రాము మీదే వేసేలా నాలుగు లైన్లు రాశాను. రోజూ మిషన్ని పడగొడుతున్న ప్రోగ్రామునే నడిపాను. ప్రోగ్రాము చచ్చింది, మిషను నిలబడింది. మళ్లీ నడిపాను. మళ్లీ నిలబడింది! ఏనుగెక్కినంత సంబరమైంది.

"చచ్చిందండీ అత్తయ్యగారూ!" అని కేక పెట్టాను.

"ఏంటమ్మా, పామా?" అంటూ ఆవిడ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

సాయంత్రం మీటింగులో అంతా చూపించాను. "బాగుందండి. మీ కోడ్ ఉంచేద్దాం" అన్నారు లీడర్ గారు. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఏడాది కష్టం ఊరుకోనివ్వలేదు.

"ఇంతకీ ఆ ఫాల్టులు చూసుకునే కోడ్ ఎవరు రాశారండీ?"

ఎవరు రాశారో నాకు తెలుసు. ఆయన నోటితోనే వినాలని అడిగాను.

"నేనేనండి" అన్నారాయన.