యువరాణి ఉత్తరీయం అంచు

పోయిన నెల మా పక్క క్వార్టరు వాళ్ళు కలర్ టీవీ కొన్నారు. ఈ ఉక్కు కాలనీలో మా వరస మొత్తానికీ అదే మొదటిది కాబట్టి, ఆదివారం సాయంత్రం సినిమాకి పీటలూ చాపలూ పట్టుకుని అందరం వెళ్ళాం. తీరా చూస్తే వేసింది పాత జానపదం, నలుపు తెలుపు. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆయన లేచి, రంగు లోపలెక్కడో ఇరుక్కున్నట్టు మీటలన్నీ తిప్పడం మొదలుపెట్టాడు. ఇంతలో యువరాణి గుర్రం దిగింది. భుజాల నుంచి మడమల దాకా జారే ఉత్తరీయం, దాని కింద అంచు ముదురుగా. వాళ్ళ చిన్నపాప నా మోకాలు పట్టుకుని, "పిన్నీ, ఆ అంచు ఏ రంగు?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ గదిలో ఆ రంగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ సినిమా వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఎనిమిదితో చదువు ఆపేసి, పోర్టు దగ్గర లైను ఇళ్ళలో మా మేనత్త దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్నాను. సినిమాగా రాకముందు ఆ కథ మూడేళ్ళ పాటు వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అత్తకి చదువు రాదు. ప్రతి వారం నేను పైకి చదవాలి, ఆవిడ కాజాలు కుడుతూ వినాలి, గుమ్మంలో ఇంకో పదిమంది ఆడవాళ్ళు బియ్యం ఏరుకుంటూ వినాలి. చదవడం అయిపోగానే ఆ కాగితాలు చింపి, మిషను మీద పెట్టి పుస్తకంలా డబుల్ కుట్టు వేసేసేది. ఆ పుస్తకంలోంచి ఇప్పటికీ ఒక్క కాగితం ఊడలేదు. సినిమా వచ్చాక అత్త నాలుగుసార్లు చూసింది. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఏడవడం కోసం, మిగతా రెండుసార్లూ యువరాణి జాకెట్టు చేతుల కుచ్చులు లెక్కపెట్టడం కోసం. ఆ పిల్లేమో ఎప్పుడు చూసినా గుర్రం మీద పరిగెడుతూనే ఉంటుంది, ఎలా లెక్కపెట్టేది అని ఈవిడ గోల. ఏమైతేనేం, ఆ వేసవికి చేపలమ్మే ఆవిడతో సహా మా లైనులో అందరివీ యువరాణి చేతులే.

సినిమా వందరోజులు ఆడాక, కంపెనీ వాళ్ళు యువరాణి వేసుకున్న అసలు బట్టల్ని ఊరూరా హాళ్ళకి పంపారు. మా వీధి చివరి హాల్లో మెట్ల పక్కన ఒక చెక్కబొమ్మకి తొడిగి నిలబెట్టారు. టిక్కెట్టు లేకపోయినా చూడనిచ్చేవారు. ఒకావిడ బొమ్మకి బొట్టు కూడా పెట్టబోయింది. మూడో రోజుకి ఆ తాకిడికి ఉత్తరీయం మెడ దగ్గర హుక్కు తెగింది. హాలు కుర్చీల కవర్లు కుట్టేది మా అత్తే కాబట్టి, మేనేజరు దాన్ని కాగితంలో చుట్టి మా ఇంటికే తెచ్చాడు.

"అప్పా, రేపు పొద్దున్నే కంపెనీ ఆయనొచ్చి పట్టుకెల్లిపోతాడు. దీనికేటైనా అయ్యిందంటే నా ఉద్దోగం, నీ కుర్సీ కవర్లు రెండూ పోతాయి" అని మరీ చెప్పి వెళ్ళాడు.

అత్త హుక్కు కొనడానికి బజారుకి వెళ్ళింది. నేనూ ఉత్తరీయమూ మిగిలాం. ఒక్కసారి భుజాల మీద వేసుకుని అద్దంలో చూసుకున్నాను, అబద్ధమెందుకు. అప్పుడు కనబడింది, కింద అంచంతా ఎర్రమట్టి రంగు. ఆ రోజుల్లో ఓడల్లోకి ఇనపరాయి ఎక్కిస్తుంటే గాలి మా వైపు తిరిగేది, తీగ మీద ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి సరిగ్గా అదే రంగుకి వచ్చేది. మా లైనులో పెరిగిన ఆడపిల్లకి ఎర్రబడ్డ అంచు కనిపిస్తే చెయ్యి దానంతటదే కుంకుడుకాయల డబ్బా వైపు పోతుంది. మూడు రోజులు మా వీధిలో ఉన్న పాపానికి మా దుమ్ము పట్టించుకుని యువరాణి వెనక్కి వెళ్ళాలా అని సిగ్గేసింది నాకు. నానబెట్టి కుమ్మాను. నీళ్ళు ఎర్రగా దిగాయి, రోజూ దిగినట్టే. దిగినకొద్దీ నాకు సంబరం. పాలనురుగులా తేలిన బట్టని నీడన ఆరేసి, అత్త మెచ్చుకుంటుందని గుమ్మంలో కూర్చున్నాను.

"ఒలే, ఏటే ఇది?"

"దుమ్ము పట్టీసిందత్తా. నాను కడిగీసినాను."

అత్త అంచు పట్టుకుని చూసి అక్కడే చతికిలబడింది. "తమ్ముడి కోసరం నిప్పుల కొండ దాటొచ్చినప్పుడు అంచు కమిలి ఎర్రబడిపోనేదేటే? నువ్వే గదే సదివి సెప్పినావు!"

పుస్తకం తీసి చూస్తే నిజమే. చదివింది నేను, గుర్తుపెట్టుకున్నది ఆవిడ. తెర మీద అంచు ముదురుగా కనిపిస్తే నేను నీడేమో అనుకున్నాను. భోరుమన్నాను. "నానెల్లి మేనేజరు గారికి సెప్పీస్తానత్తా."

"సెప్పి? ఆ బాబు ఇంటికాడ కూకుంటే ఆయన ఉద్దోగం నువ్వు సేత్తావేటి?"

అంటూనే అత్త కిటికీ గట్టు మీద వేలు పెట్టి ఒక గీత గీసింది. ఆ వేలికేసి చూసుకుంది. నాకేసి చూసింది. తర్వాత పొయ్యి మీద గంజికి నీళ్ళు పెట్టింది.

నేను గిన్నె పట్టుకుని దుమ్ముకి బయల్దేరాను. ఏడాది పొడుగునా అందరూ తిట్టుకునే దుమ్ము ఆ పూట ఎక్కడా చారెడు లేదు, అందరూ పొద్దున్నే తుడిచేసుకున్నారు. "మా ఇంట్లో దుమ్మేటే? ఎవుల్తో సెప్పినావే ఆ మాట?" అని పక్కింటావిడ చీపురు తీసింది. చివరికి తలుపుల పైన, రేకుల మీద వెతికి గిన్నెడు పోగుచేశాను. అత్త దాన్ని పలచటి గంజిలో కలిపి, పాతగుడ్డ ముంచి, "మల్లీ సదువు. ఎక్కడెక్కడ కమిలింది?" అంది. ఎడమవైపు ఎక్కువ, వెనక తక్కువ అని నేను చదువుతూంటే ఆవిడ అద్దుతూ పోయింది. ఆరాక బొగ్గుల ఇస్త్రీ.

మర్నాడు కంపెనీ ఆయన ఉత్తరీయాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. మేనేజరు మెడ సాచి, "ఏటప్పా, కొత్తదాన్లాగుంది?" అన్నాడు.

"హుక్కు కొత్తది గదా బాబూ" అంది అత్త.

కంపెనీ ఆయన అంచుని బొటనవేలితో రుద్దాడు. వేలికి కాస్త ఎర్రగా అంటింది. అత్త నా జడ పట్టుకుని ఉందని నాకు అప్పుడే తెలిసింది, అంత గట్టిగా బిగించింది. ఆయన వేలు పంచెకి తుడుచుకుని, "ఈ కావి నీళ్ళతో చస్తున్నామమ్మా. ఊరూరికీ రాలిపోతుంది, మళ్ళీ పుయ్యాలి. మీ ఊళ్ళోనే నయం, నిలిచింది" అని మడత పెట్టేసుకున్నాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం కదల్లేదు. తర్వాత అత్త నా నెత్తిన ఒక్కటి మొట్టి, మిషను స్టూలు మీద కూలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. "మనం కూడా దాటీసినామే కొండ" అంది.

పాప ఇంకా అడుగుతూనే ఉంది. టీవీ వాళ్ళ కిటికీ గట్టు మీద వేలు రాసి, "ఇదిగో, ఈ రంగు" అని చూపించాను. "ఇవాళే తుడిచానండీ!" అంది వాళ్ళమ్మ, నొచ్చుకుని. అత్తకిప్పుడు సూదిలో దారం కనబడదు, ఆ హాలు గోడౌనైపోయింది, నేను పోర్టు గాలి వదిలి ఉక్కు గాలికి వచ్చాను. కాలం అన్నీ తుడిచేసుకుంటూ పోతుందంటారు గానీ, మా కిటికీ గట్టు మీద మాత్రం రోజూ కాస్త వదిలే వెళుతుంది.