ఖాసింబక్క కలిపిన పిండి

మర నుంచి అప్పుడే పడిన పిండి చేతికి వెచ్చగా తగులుతుంది. దానికి ఒక వాసన కూడా ఉంటుంది. కొంచెం రాయి వాసన, కొంచెం వేగిన గింజ వాసన. మొన్న నంద్యాలలో నా మనవరాలు కృప వంటింట్లో పెట్టుకునే చిన్న పిండి మిషను కొని తెచ్చింది. ఇంత ఖర్చు ఎందుకని నేను సణుగుతూనే ఉన్నాను, అది కొర్రలు పోసి మీట నొక్కింది. మిషను ఆగాక మూత తీసి పిండిలో చెయ్యి పెట్టాను. ఆ వేడి తగలగానే సణుగుడు ఆగిపోయింది. ఆళ్ళగడ్డలో మా ఖాసింబక్క కళ్ళముందు నిలబడింది, కనురెప్పల దాకా పిండి పట్టి, తలమీద కొంగు బిగించి.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. కృప ఈ రోజు నాలుగు ముద్దలు తిని, వేళకు ఉద్యోగానికి పోయి వస్తున్నదంటే అందులో డాక్టరుగారి చలువ ఎంత ఉందో ఖాసింబక్క చలువ అంత ఉంది. కృపకు ఆమె గుర్తుంది. కృప పిల్లలకు ఆమె ఎవరో తెలియదు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్ద మాటలు రావు. వచ్చిన మాటల్లోనే రాస్తున్నాను.

ఆళ్ళగడ్డలో మా వీధి చివర ఖాసింబక్క పిండి మర ఉండేది. భర్త పోయాక మర అమ్మేయమని బంధువులంతా చెప్పినా వినకుండా తానే నడిపింది. మర తిప్పే పట్టా జారిపోతే తానే ఎక్కించేది. మర చప్పుడు మీద అరిచి అరిచి అలవాటై ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేది. ఉన్నది ఒకటే మర. జొన్నలు, బియ్యం, రాగులు, ఏవి తెచ్చినా అందులోనే. ఆ రోజుల్లో చక్కెర జబ్బు వాళ్ళకు డాక్టర్లు రాత్రిపూట చపాతీలు తినమనడం మొదలుపెట్టారు. దాంతో గోధుమల డబ్బాలు కూడా వరుసలో చేరాయి. ముందు వాళ్ళ పిండి కొంచెం మనకు వస్తుంది, మనది కొంచెం వెనక వాళ్ళకు పోతుంది. దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

నేను పట్టించుకునేదాన్ని. మా ఆయన పోయాక ఒక గేదె పాలు అమ్మి ఇల్లు నడిపినదాన్ని. నా గింజలకు వచ్చిన పిండి పిడికెడు కూడా మరలో వదిలేది లేదు. మర మూతికి గొట్టంలాగా ఒక గుడ్డ కట్టి ఉంటుంది, పిండి దానిలోనుంచే డబ్బాలోకి దిగుతుంది. నా వంతు అయిపోయాక ఆ గుడ్డను రెండు చేతులతో టపటపా కొట్టి, చివరి దుమ్ము దాకా రాల్చుకునేదాన్ని. వెనక నిలబడ్డవాళ్ళు నవ్వేవాళ్ళు. ఖాసింబక్క మాత్రం ఊరుకునేది కాదు.

“ఏం మే మార్తా, ఆ గుడ్డ నీకేం అన్యాయం చేసింది? అట్ల చంపుతాండావ్.”

“నా పిండి నీ మరకు యాల ఇడిసిపెట్టాల?”

“నీ దెబ్బలకు నీ ముందోళ్ళ పిండి కూడా రాలుతాంది. వాళ్ళడిగితే నువ్వే జవాబు చెప్పుకో.”

ఇద్దరమూ నవ్వుకునేవాళ్ళము. తొంభైలు ముగిసే రోజులవి. నా కూతురు సుజాత నంద్యాల ఆస్పత్రిలో నర్సు. పగలూ రాత్రీ డ్యూటీలు. అందుకని కృపను నా దగ్గరే ఉంచింది. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి చూసిపోయేది.

కృపకు అప్పుడు ఐదేళ్ళు ఉంటాయి. తిన్నది ఒంటికి పట్టేది కాదు. కడుపు ఉబ్బి, చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉండేవి. ఎప్పుడూ విరేచనాలే. జబ్బు పిల్లకు ఏం పెడతాము? తేలిగ్గా అరుగుతుందని పాలల్లో బ్రెడ్డు, టీలో రస్కు, మధ్యాహ్నం గోధుమరవ్వ జావ పెట్టాను. ఎంత శ్రద్ధగా పెడితే అంత చిక్కిపోయింది. చివరికి సుజాత నంద్యాలలో పిల్లల డాక్టరుకు చూపించింది. ఆయన కర్నూలుకు పంపి పరీక్షలు చేయించి జబ్బు ఏమిటో కనిపెట్టాడు. గోధుమలో ఉండే జిగురు ఈ పిల్ల పేగును తినేస్తోందట. గోధుమ, మైదా, బొంబాయిరవ్వ, సేమ్యా, ఏదీ బతికినంత కాలం నోట్లో పెట్టకూడదట. రవంత కూడా పనికిరాదట. ఇట్లాగే వదిలేస్తే పిల్ల నిలబడదని సుజాతను పక్కకు పిలిచి చెప్పాడు.

బ్రెడ్డు మాన్పించాను. అన్నం, జొన్నరొట్టె పెట్టాను. ఒక నెల బాగుంది, బుగ్గలు కూడా కనబడ్డాయి. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ నంద్యాలకు తీసుకుపోతే డాక్టరుగారు నేను పెట్టినవన్నీ ఒక్కొక్కటిగా అడిగి, జొన్నలు ఎక్కడ పట్టిస్తారమ్మా అన్నాడు. చెప్పాను. ఆ మరలో గోధుమలు కూడా పడతారా అన్నాడు. నా రెండు చేతులూ చూసుకున్నాను. గుడ్డ కొట్టి కొట్టి ముందు వాళ్ళ గోధుమపిండిని నా డబ్బాలోకి రాల్చుకున్నది ఈ చేతులతోనే.

తిరుగు బస్సులో కృప నా ఒళ్ళో తల పెట్టుకొని నిద్రపోయింది. ఖాసింబక్కకు ఎట్లా చెప్పాలా అనే నా ఆలోచనంతా. ఇంటికి పోకముందే మర దగ్గరకు పోయాను.

“అక్కా, నీ మరలో గోధుమపిండి మిగిలిపోతాందంట. అదే పిల్లకు పడల్యాదంట. డాక్టరు చెప్పినాడు.”

ఆమె మర ఆపేసింది. చప్పుడు పోయేసరికి ఆమె గొంతు వీధంతా వినబడింది.

“ఊరంతా నా పిండి తిని బతుకుతాండారు. నీ మనవరాలికే నా మర విషమైందా?”

“నేనట్ల అనల్యా.”

“ఇంకెట్లంటారు మే?”

పిల్లను భుజాన వేసుకొని వచ్చేశాను. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. అటకమీది విసుర్రాయి దించి, కడిగి, నేనే విసురుకున్నాను. భుజాలు పడిపోయేవి. పిండి బరకగా వచ్చేది, రొట్టె తట్టబోతే చీలిపోయేది. అయినా కృపకు విరేచనాలు తగ్గాయి. మర ముందునుంచి బడికి పోతున్న పిల్లను ఖాసింబక్క కూడా చూస్తూనే ఉన్నట్టుంది.

ఒక ఉదయం నేను పాలు పిండుతుంటే వచ్చి దొడ్డి వాకిట్లో నిలబడింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఆమే మొదలుపెట్టింది.

“రేత్రి బియ్యం పట్టి, దాని వెనకాల రాగులు పోసినా. గుడ్డను నువ్వు కొట్టినట్లే కొట్టినా. ఎర్రపిండిలో తెల్లగా రాలింది. నీ డాక్టరు చెప్పింది నిజమే.”

నేను పాలచెంబు కింద పెట్టాను.

“సోమారం రాళ్ళకు గంట్లు కొట్టిస్తాండా. మరంతా విప్పి తుడిపిస్తా, కొత్త గుడ్డ కడతా. ఆ పొద్దు మొదట పోసేది నీ గింజలే. నెలకు సరిపోను తెచ్చుకో. గుడ్డ మీద మాత్రం చెయ్యి ఎయ్యద్దు.”

అప్పటినుంచి అదే పద్ధతి. రాళ్ళు అరిగి గంట్లు కొట్టించిన ప్రతిసారీ మరను మొత్తం శుభ్రం చేసి నాకు కబురు పెట్టేది. ముందు కొంచెం నూకలు పోసి ఆడించి, ఆ పిండిని పక్కకు తీసేసేది. నూకలు నావి, పారేయడానికి ప్రాణం ఒప్పలేదు. తీసుకుపోతానన్నాను. గేదెకు వేసుకో, పిల్ల డబ్బాలో కలిపితే మాత్రం నీ సంగతి చూస్తానంది. నేను గేదెకు వేసేదాకా వెనకే వచ్చి చూసింది. నా పొదుపు మీద ఆమెకు ఉన్న నమ్మకం అంత.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందు చర్చిలో ఎవరో పుట్టినరోజు అని పిల్లలకు కేకు ముక్కలు పంచారు. కృప చేతిలోనూ ఒకటి పెట్టారు. నేను పరుగెత్తుకుపోయి లాక్కున్నాను. అది ఏడవలేదు. చేతికి అంటిన క్రీమును గౌనుకు తుడుచుకొని, పక్కపిల్ల తినడం చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక ఈ మాట ఖాసింబక్కతో అన్నాను. కేకు తినకపోతే ప్రాణమేం పోదులే అని కూడా నేనే అన్నాను. ఆమె మాత్రం, కేకంటే ఏముంది మే, పిండే కదా, పిండి నా పని, అంది.

ఆ ఏళ్ళల్లో రంజాన్ నెలా క్రిస్మస్ కలిసి వచ్చేవి. ఆమె ఒక్కపొద్దుతో ఉండి, మర కట్టేశాక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. పాత బానలో ఇసుక పోసి పొయ్యి మీద పెట్టి, ఇసుక కాగాక అందులో గిన్నె దించి, పైన మూత, మూత మీద నిప్పులు. అదే మా బట్టీ. ఒట్టి బియ్యప్పిండితో చేసిన కేకు గట్టిగా వచ్చింది. దీంతో గోడ కట్టుకోవచ్చని ఆమే అంది. ఒట్టి జొన్నపిండిది చేత్తో తీస్తే ఇసుకలాగా రాలిపోయింది. గుడ్లు, చక్కెర పోతున్నాయని నా ఏడుపు. చెడిపోయినవి ఏవీ పారేయలేదు, పాలల్లో నానబెట్టుకొని నేనే తిన్నాను. ఒక్కపొద్దు కాబట్టి ఆమె రుచి చూడటానికి లేదు.

“నువ్వే తిని చెప్పు. నీ నోటికి ఏదీ బాగుండదు. అది ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకుంటాది.”

సగ్గుబియ్యం ఎండబెట్టి మెత్తగా పట్టి కలిపితే మెత్తదనం వచ్చింది. కొర్రపిండి కలిపితే రంగూ వాసనా వచ్చాయి. పట్టుకొని ఉండే గుణం మాత్రం రాలేదు. ఒకరోజు ఆమె ఒక్కపొద్దు విడిచాక తాగడానికి ఇసబ్‌గోలు నీళ్ళల్లో వేసి, ఎవరో పిలిస్తే మరిచిపోయిందట. తిరిగి వచ్చేసరికి గ్లాసు బోర్లించినా పడనంతగా గడ్డకట్టిందట. ఆ గ్లాసు కొంగు చాటున పెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. మందుల షాపులో దొరికే ఆ పొట్టే మా పిండికి జిగురైంది.

కుదిరిన కొలత ఇది. నాలుగు గ్లాసుల బియ్యప్పిండి, రెండు గ్లాసుల కొర్రపిండి, రెండు గ్లాసుల సగ్గుబియ్యం పిండి, గ్లాసుకు ఒక చెంచా లెక్కన ఇసబ్‌గోలు. బియ్యం కడిగి నీడన ఆరబెట్టాలి. అన్నీ కలిపి పలచటి గుడ్డలో జల్లించాలి, రెండుసార్లు. తేమ తగలని డబ్బాలో పోసుకుంటే కేకుకూ, బిస్కట్లకూ, పూరీకీ, రొట్టెకూ అదే పిండి. వేరే దేనికోసమూ చూడక్కర్లేదు.

క్రిస్మస్‌కు కృప కేకు తిన్నది. మూతపెట్టిన చిన్న స్టీలు డబ్బాలో పెట్టి చర్చికి తీసుకుపోయాను. మిగతా పిల్లలు ఒక పళ్ళెం చుట్టూ మూగితే, ఇది డబ్బా పట్టుకొని నా పక్కన కూర్చొని తిన్నది. సాయంత్రం ఖాసింబక్క ఎట్లా ఉందని అడిగితే బాగుందని చెప్పాను. యాడ కూర్చుని తినింది అని అడిగింది. నా పక్కనే అన్నాను. వేరే పిల్లల పిండి దీని చేతికి తగలకుండా చూసుకున్నానని గొప్పగానే చెప్పాను.

పదిహేను రోజులకు రంజాన్ పండగ. ఆ రోజు ఆమె ఇంటినుంచి వీధిలో ప్రతి ఇంటికీ పాలల్లో ఉడికిన సేమ్యా గిన్నె వచ్చేది. మా ఇంటికి మాత్రం ఆ ఏడు అరటిపండ్లు వస్తాయనుకున్నాను. పొద్దున బయటికి చూస్తే మర అరుగు మీద పెద్ద పళ్ళెం నిండా బిస్కట్లు, దాని చుట్టూ వీధిలోని పిల్లలందరూ ఉన్నారు. మధ్యలో మా కృప, చెయ్యి పళ్ళెంలో. నేను అరుస్తూ ఉరికాను. ఖాసింబక్క నాకు అడ్డంగా వచ్చి మణికట్టు పట్టుకుంది. అందరూ అరిచినట్టు మాట్లాడుతుందని చెప్పుకునే మనిషి, నా చెవి దగ్గర గుసగుసగా మాట్లాడింది.

“గమ్మునుండు. ఆ పళ్ళెంలో గోధుమ లేదు. ఈ పొద్దు నా ఇంట్లోనే లేదు.”

“అందరికీ అదే పిండా? అంత పిండా అక్కా?”

“దానికొక్కదానికే పెడితే మందు పెట్టినట్లుంటాది మే. అందరితో తినేకి కదా పండగ.”

కృప ఒక బిస్కట్టు తిని, ఇంకోటి తీసుకొని, పక్క పిల్లవాడి చేతిలోది విరిచి సగం లాక్కుంది. వాడు అరిచాడు. ఇది నవ్వింది. ఒకరి చేతిలోది లాక్కొని తినడం దానికి అదే మొదటిసారి. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. పెద్దవాళ్ళు వచ్చి సేమ్యా ఏదని అడిగితే, ఈసారి చెయ్యబుద్ధి కాలేదని చెప్పింది. ఇంట్లో కోడలు ముఖం ముడుచుకున్నా పట్టించుకోలేదు. ఎందుకు చెయ్యలేదో వీధిలో ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. చెబితే మళ్ళీ అందరూ పిల్లను వేరుగా చూస్తారంది.

ఆ రోజు ఇంటికి వచ్చి కృప స్టీలు డబ్బాలో ఉప్పు పోసేశాను. తర్వాత మా ఇంట్లోకి గోధుమపిండి రాలేదు. మైదా కంటే ఈ పిండికి ఖర్చెక్కువ, చాకిరీ ఎక్కువ. నా సంగతి తెలిసినవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. కృప నంద్యాలలో కాలేజీలో చేరిన ఏడు ఖాసింబక్క పోయింది. కొడుకులు మర అమ్మేశారు. నేను కృప దగ్గరికి వచ్చేశాను.

పోయిన నెల కృప కొడుకు పుట్టినరోజు. పై వాటాలో కొత్తగా దిగినవాళ్ళ పాపను కూడా పిలిచాము. ఆ పాపకు చెనిక్కాయలు పడవు, తింటే గొంతు వాచిపోతుందని వాళ్ళమ్మ ముందే వచ్చి చెప్పింది. డబ్బాలో వేరే తిండి పెట్టి పంపిస్తాను, మీకు ఇబ్బంది వద్దంది. డబ్బా వద్దు, పిల్లను ఉత్త చేతులతో పంపమన్నాను. ఆ పూట వంటింట్లో చెనిక్కాయ గింజ లేకుండా చూశాను. నూనె మార్చాను, గిన్నెలు మళ్ళీ తోమించాను, చట్నీ పుట్నాలతో చేశాను. చెనిక్కాయల చట్నీ లేనిదే కృప మొగుడికి ముద్ద దిగదు. ఇదేంది అవ్వా, చట్నీ ఇట్లుంది అన్నాడు.

గమ్మున తిను అన్నాను.