పచ్చబొట్ల చేయి

బస్సెక్కితే మల్లిక ముందు చూసేది మనుషుల చేతులనే, ముఖాలు తర్వాత. మహబూబ్‌నగర్‌లో నర్సింగు రెండో ఏడు చదువుతోంది. ఒళ్ళో తెల్లకోటు మడత నలగనివ్వదు. టికెట్ ఇచ్చే కండక్టరుతో, "అన్నా, నీ నరాలు మస్తున్నయ్, ఏ సూదైనా దిగుతది" అనేస్తుంది. ఆయన చేయి వెనక్కి లాక్కుంటాడు.

మొన్న దవాఖానలో బక్కమ్మ అనే ముసలామెకు సెలైన్ సూది పెట్టడం మల్లిక వంతైంది. ఆ చేతినిండా పచ్చబొట్లు. ఒక పచ్చగీతనే నరమనుకొని గుచ్చింది, నెత్తురు రాలేదు. "ఇంకొక్కసారి చూడు. తప్పితే ట్రే నాకియ్యి" అంది పక్కనున్న సిస్టర్. మల్లిక కళ్ళు మూసుకొని, చూపుడువేలితో ఆ చేతిని మెల్లగా తడిమింది. "కండ్లు మూసుకున్నవేందే బిడ్డా, భయమైతాందా?" అంది బక్కమ్మ. "లేదవ్వా. చూస్తే అన్నీ నరాల లెక్కనే కనవడుతున్నయ్. వేలికైతే తెలుస్తది." నొక్కితే మెత్తగా పైకి లేచే జాగా ఒకటి వేలికి తగిలింది. కళ్ళు తెరిచి గుచ్చింది. సూది వెనక నెత్తురు ఎర్రగా మెరిసింది.

తర్వాత సూది మార్చడానికి సిస్టరే వచ్చింది. బక్కమ్మ చేయి దుప్పట్లో దాచుకుంది. "నువ్వొద్దమ్మా. గా కండ్లు మూసుకునే పిల్లను పిలువు."